పక్క ఫ్లాట్ అంకుల్, లాట్వియా వాళ్ల గోత్రం

కాదు బావా, నేను వెళ్లి తీరతాను. “ఆయన నీకేమవుతాడ్రా? మీ నాన్న బతికుండగా పరాయివాళ్ల అస్థికలు నువ్వెలా ముట్టుకుంటావ్?” అని నిన్న అరిచావు. దానికి జవాబు ఇప్పుడు చెప్తా. చదివేవాళ్లు కూడా వినండి.

మొన్న సెంగ్‌కాంగ్‌లో మా పక్క ఫ్లాట్ అంకుల్ పోయారు. ఉన్నట్టుండి గుండె ఆగిపోయింది. నిన్న దహనం అయింది, ఇవాళ అస్థికలు తీసుకోవాలి. పిల్లల్లేరు. “నువ్వు తోడొస్తావా నాన్నా?” అని ఆంటీ నన్నే అడిగింది.

అంకుల్ వాళ్ల తాతలు ఎప్పుడో విశాఖ వైపు నుంచి ఈ దేశం వచ్చి ఇక్కడే ఉండిపోయారు. సగం తమిళం కలిసిన తెలుగు ఆయనది. పరిశోధన ఆఫీసులుండే వన్-నార్త్‌లో ఒక ల్యాబ్‌లో, ఏ జాతి ఏ జాతికి చుట్టమో జన్యువుల్లో వెతికే పని. ల్యాబ్ చలికి వేసుకున్న స్వెటర్ విప్పడం మర్చిపోయి, చెమటలు కక్కుతూ లిఫ్ట్‌లో కనబడేవారు. “మకాన్ అయిందా?” అనేవారు, తిన్నావా అని. ఇంకా తినలేదంటే తిండి కొట్లన్నీ ఒక్కచోట ఉండే హాకర్ సెంటర్‌కి లాక్కుపోయేవారు. ఈ బ్లాకులో మనవాళ్లంతా సాఫ్ట్‌వేరే. తొమ్మిదిలో బడి మానేసి, రెండేళ్లలో మూడు గోడౌన్లు మారినవాణ్ని నేనొక్కణ్నే. “ఏం చదివావ్?” అని నన్ను అడగనిది ఆయనొక్కరే.

ఒక ఏడాది అంకుల్ లాట్వియా వాళ్ల జన్యువుల మీద పడ్డారు. “వాళ్ల భాష, మ్యాప్‌లో కింద ఉన్న లిథువేనియా భాషకి చుట్టం. పైనున్న ఎస్టోనియా మాట వాళ్లకి ముక్క అర్థం కాదు. కానీ తండ్రి నుంచి కొడుక్కి వచ్చే గుర్తు చూస్తే, ముగ్గురిలోనూ చాలామందికి ఒకటే.”

“గోత్రంలాగానా అంకుల్?”

“అలాగే అనుకో.”

“మరైతే ఎస్టోనియా వాళ్లతో సంబంధాలు కుదరవుగా! సగోత్రం!”

ప్లేటు పక్కకి నెట్టి మరీ నవ్వారు. మర్నాడు ల్యాబ్‌లో ఉన్న లాట్వియా మేడమ్‌కి చెప్పి, సాయంత్రం వచ్చి నాతో అన్నారు. “ఆవిడ అమ్మమ్మ ఎస్టోనియా మనిషేనట. ఆలస్యంగా చెప్పాడు మీవాడు, అంది!” నా ప్రశ్న ల్యాబ్ దాకా వెళ్లిందని ఆ వారమంతా నాకు కాళ్లు నేల మీద ఆనలేదు.

ఇంతకీ లాట్వియా వాళ్లు ఎవరికి దగ్గరో తేల్చి చెప్పండి అని ఒకసారి గొడవపెట్టాను. “దగ్గరా దూరమా అని ఊరికే అడక్కు. దేంట్లో దగ్గరో అడుగు,” అన్నారు.

రక్తంలో అడిగితే ఆయన నాకేమీ కారు బావా. తిండిలో అవుతారు. మాటల్లో అవుతారు. పని మానేసిన ప్రతిసారీ నీకంటే ముందు నేను చెప్పుకున్నది ఆయనకే.

పొద్దున్నే నాన్నకి ఫోన్ చేసి నువ్వన్నది చెప్పాను. “నేనింకా గట్టిగానే ఉన్నాలే. ఆవిణ్ని ఒంటరిగా పంపకు,” అన్నాడు.

కింద టాక్సీ వచ్చింది. ఆంటీ కొత్త కుండ ఒళ్లో పెట్టుకుని, ఓ పక్కకి సర్దుకుని కూర్చుంది. రెండో వైపు తలుపు తీసే ఉంది. వెళ్లాలి.