ఊడ్వని ఆదివారం

మా పిన్ని ఊడ్చిందంటే నేల అద్దంలా ఉండాల్సిందే. మా ప్రార్థన మందిరాన్ని ఏళ్ల తరబడి ఆమే ఊడ్చింది. మందిరం వెనకున్న గదిలో మేం అద్దె లేకుండా ఉన్నామంటే ఆ చీపురు పుణ్యమే. అమ్మ పోయాక పిన్ని నన్ను ఆ గదిలోనే పెంచింది. మనిషి ఎంత శుభ్రమో నోరు అంత దురుసు. "కాళ్ళు తుడుచుకుని రండి, పాపాల సంగతి లోపల చూసుకుందురు గానీ" అని గుమ్మంలోనే అందరినీ గదమాయించేది.

మందిరంలో వెనకవైపు ఒక చెక్క మేడ ఉంది. పాటలు పాడే పిల్లలం దాని మీద నిలబడతాం. నాది ముందు వరుస. ప్రతి శనివారం ఆ మేడ కింది బల్లల మీద సన్నటి పొడి రాలి ఉండేది. పిన్ని తుడిచేసేది. పొడి రానురాను ఎక్కువైంది. అనుమానం వచ్చి చీపురు పిడితో దూలాన్ని పొడిచింది. పిడి లోపలికి దిగిపోయింది. దూలం పుచ్చిపోయింది.

వెంటనే సంఘపెద్ద దగ్గరికి పరిగెత్తింది. ఆయన నవ్వేశాడు.

"అది మా తాత కట్టించిన మేడ. నువ్వూ నేనూ పోయినా అది పోదు."

"కట్టించింది తాతగారే, కాదన్లేదు. ఇప్పుడు పిల్లల్ని ఎక్కిస్తోంది మీరు. ఆయన లెక్క ఆయనది, మీ లెక్క మీది" అంది పిన్ని.

పాస్టరుగారు మెత్తని మనిషి. కమిటీ వాళ్ళను తీసుకొచ్చి చూపించారు. కానీ వాళ్ళొచ్చింది ఆదివారం. శనివారమే పిన్ని అంతా తళతళలాడేలా తుడిచేసింది. "పొడి ఎక్కడమ్మా?" అని, దూలం వైపు తలెత్తి అయినా చూడకుండా చేతులు దులుపుకుని వెళ్ళిపోయారు.

ఆ పూటే పాస్టరుగారు యెహెజ్కేలు ప్రవక్త మాటల మీద ప్రసంగించారు. ఆపద రావడం చూసి కూడా బూర ఊదని కావలివాడిని దేవుడు చచ్చినవాళ్ళ రక్తం లెక్క అడుగుతాడట. ఊదినా విననివాడి రక్తం మాత్రం వాడి తల మీదే ఉంటుందట. అందరూ ఆమేన్ అన్నారు. పిన్ని అనలేదు. గదికొచ్చి చీపురు మూలకు విసిరికొట్టింది.

"బూర సంగతి దేవుడెరుగు, సాక్ష్యమంతా నేనే ఊడ్చి పారబోశానే! ఇక ఊడ్వను."

అన్నంత పనీ చేసింది. తర్వాతి ఆదివారానికి బల్లల మీద వేలితో పేరు రాసేంత పొడి పేరుకుంది. ఇస్త్రీ బట్టలతో వచ్చి కూర్చున్నవాళ్ళు గోలగోల చేశారు. పిన్ని మాత్రం మేడ మెట్టు మీద చీపురు అడ్డంగా పెట్టుకుని కూర్చుంది. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

సంఘపెద్ద చిందులు తొక్కుతూ వచ్చాడు. "లేస్తావా, పని మానుకుంటావా?"

"పనీ కావాలి, గదీ కావాలి. అయినా లేవను. మీరు పెద్దవాళ్ళు, మీకు చెప్పేశాను. ఎక్కుతారా, ఎక్కండి. మీ ప్రాణానికి మీరే జవాబుదారీ. పిల్లల్ని మాత్రం ఎక్కనివ్వను."

ఆమె పక్కకు జరిగి ఆయనకు దారి ఇచ్చింది. ఆయన ఒక మెట్టెక్కి పైకి చూశాడు. కాలు వెనక్కి తీసుకున్నాడు.

"మోకాలు నొప్పి" అన్నాడు.

ఆ రోజు మేం కిందే, మేడకు దూరంగా ముందువైపు నిలబడి పాడాం. మర్నాడు పిన్ని చేతిలోంచి తాళాలు లాక్కున్నారు. గదీ పోయింది. చెప్పినందుకు ఇదా బహుమానం అని నాకు ఒళ్ళు మండిపోయింది, ఇప్పటికీ మండుతూనే ఉంది. మందిరం మానేద్దామన్నాను. పిన్ని వినలేదు. ఇప్పుడు వేరేచోట పాచిపని చేస్తోంది. ఆదివారం వచ్చిందంటే అందరికంటే ముందే వచ్చి ఆ మెట్టు మీద కూర్చుంటుంది.

మేడ ఇంకా అలాగే ఉంది. బాగుచేయించలేదు, ఎవరూ ఎక్కడమూ లేదు. మొన్న సంఘపెద్ద నలుగురిలో వెటకారమాడాడు.

"ఏమ్మా, నీ మేడ ఇంకా పడలేదే?"

"పడాలని చెప్పానా అయ్యా?" అంది పిన్ని, మెట్టు మీంచి కదలకుండానే. "మా పిల్ల కిందుంది. నాకంతే చాలు."