నీకెందుకు ఆజం

భువనగిరిలో ఆజం భాయిని ఏమడిగినా ఒకటే జవాబు: "నీకెందుకు?"

దవాఖానలో డాక్టరు వయసెంతని అడిగితే "నీకెందుకు? నొప్పి కడుపుల ఉన్నది, వయసుల లేదు" అన్న మనిషి. బడిపంతుల్ని గనక జనాభా లెక్కలకు వెళ్లి నేనూ అనుభవించాను. "ఇంట్ల ఎంతమంది భాయ్?" అంటే "ఉన్నంతమంది" అన్నాడు. మూడుసార్లు తిరిగి చెప్పులరిగాయి గానీ గడి నిండలేదు.

అలాంటివాడు తొంభై తొమ్మిదిలో బస్టాండు దగ్గర ఇంటర్నెట్ సెంటర్ పెట్టాడు. ప్రపంచంలో ఏదైనా తెలుసుకోవచ్చని బోర్డు. ఓనరు పేరు మాత్రం బోర్డు మీద లేదు.

ఒక సాయంత్రం ఆరు పీరియడ్లు అరిచి, ప్రాణం ఉసూరుమంటూ ఇల్లు చేరాను. ఐదో తరగతి చదివే నా బిడ్డ మంజులత గడపలోనే ఏడుస్తోంది.

"బాపూ, కంప్యూటర్ల ఆట కంపెనోళ్లు గడియారం ఇస్తమన్నరు. పేరు, బడి, ఇంటి అడ్రసు, ఫోను నంబరు, నీ జీతం రాస్తే చాలట. అన్నీ రాసిన. ఆజం చాచా తుడిచేసిండు!"

"నా జీతం వాళ్లకెందుకే?"

"ఏమో! నా గడియారం పాయె!"

ఓపిక లేదు. అయినా ఆ ఏడుపు పడలేక బిడ్డను వెంటబెట్టుకుని పోయాను.

"ఏం భాయ్, పిల్ల రాసింది ఎందుకు తుడిచినవు?"

"నీకెం..." అని ఆగిపోయాడు. ఇన్నేళ్లలో మొదటిసారి జవాబు చెప్పాడు.

"సార్, పోయిన నెల ఐలేశం బిడ్డ గిట్లనే రాసింది. తల్లిదండ్రులు పనికి పోయినంక, ఎవడో పుస్తకాలమ్మెటోడు పేరు పెట్టి పిలుసుకుంట ఇంట్లకొచ్చి కూసున్నడు. పిల్ల ఒక్కతే ఉండె. ఏం గాలేదు, అల్లా దయ. నాకైతే వారం దాక అన్నం సయించలే."

ఆనాటి నుంచి ఏ పిల్ల ఏం రాసినా తుడిచి, తనే ఒకటి రాస్తున్నాడట. పేరు: ఖాదర్‌బీ. వయసు: తొమ్మిది. ఫోను: సెంటర్‌ది.

ఖాదర్‌బీ అంటే వాళ్లమ్మ. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, మూలన కుర్చీలో వక్క నములుతోంది.

అంతలో ఫోను మోగింది. ఆజం ఎత్తి విని, "అమ్మీ, నీకే. ఖాదర్‌బీ పాప కావాల్నట" అని అందించాడు.

"ఎవరు బేటా? పేరేంది? ఏ ఊరు? మీ నాయిన ఏం జేస్తడు? జీతమెంత? అయ్యో, గంతేనా! పెండ్లయిందా?"

అవతలివాడు పాపం అన్నీ చెప్పుకుంటున్నట్టున్నాడు. పావుగంటకు గానీ ఫోను పెట్టలేదు.

"పిలగాడు మంచోడే బిడ్డా, జీతమే తక్కువ" అంది అవ్వ మంజులతతో. "పిల్లల ఇండ్లకు ఫోన్లు జేసుడు మంచి పని కాదు, ఇంకో నౌకరీ చూసుకొమ్మని చెప్పిన."

మంజులత ముక్కు తుడుచుకుని పకపకా నవ్వింది.

తర్వాత ఆ కంపెనీ ఫోన్లు ఆగిపోయాయి. ఆ పిల్లవాడు మాత్రం కొత్త నౌకరీలో చేరి, ఆదివారం ఆదివారం ఖాదర్‌బీ పాపకు ఫోను చేసి కష్టసుఖాలు చెప్పుకుంటున్నాడు.