మిగిలిన తొంభై దెబ్బలు

ఒట్లు వేసే అలవాటు నాకు లేదు. ముప్పై రెండేళ్ళు బళ్ళో లెక్కలు చెప్పినదాన్ని. తేలని లెక్క తేలిందని ఏనాడూ రాయలేదు. ఇది మాత్రం జరిగింది. నోటుబుక్కులో టైముతో సహా రాసుకున్నాను. కావాలంటే చూపిస్తాను... చీకటి పడ్డాక మాత్రం అడక్కండి.

మాది బండారులంక. మా వారు నేతపని చేసేవారు. ముందుగదిలోనే మగ్గం. నేసేవాళ్ళు కాళ్ళు దించుకుని కూర్చునే గుంట ఉంటుంది చూడండి... ఆయన పోయాక మగ్గం అమ్మేశాను గానీ ఆ గుంట పూడ్చలేదు. పైన చెక్కలు పరిపించి ఊరుకున్నాను.

ఆయన నేస్తూ ఒక పాట పాడేవారు. వాళ్ళ నాన్నగారి నుంచి వచ్చింది. నాలుగు చరణాలు. మొదటి మూడూ రోజూ వినేవే. నాలుగోది మాత్రం చీర పూర్తయి మగ్గం మీద నుంచి దించేటప్పుడే పాడాలట. ఆ వేళకి నేను బళ్ళో ఉండేదాన్ని. సెలవురోజుల్లో నాలుగైదుసార్లు విన్నాను. ఇప్పుడు ఒక్క ముక్క గుర్తు లేదు.

నాకు డెబ్బై ఒకటి. ఆ మూడు చరణాలూ వచ్చినవాళ్ళు ఇప్పుడింకెవరూ లేరు. నాతో పోతాయి. అందుకే రికార్డింగు నేర్చుకుందామని కూర్చున్నాను. వాయించగా వాయించగా నాలుగోది వేళ్ళకే తగులుతుందేమోనని ఒక ఆశ.

నేర్పింది సునీత. నా దగ్గర చదువుకున్న పిల్లే. ఇప్పుడు అమలాపురంలో చర్చికి కీబోర్డు వాయిస్తుంది. ఎవరో వాడి వదిలేసిన సింథసైజరు ఇప్పించింది. దానికీ లాప్‌టాప్‌కీ మధ్య ఒక చిన్న పెట్టె, ఒక మైకు, హెడ్‌ఫోన్స్. ప్లగ్గు ఉన్నది ముందుగదిలో ఆ గుంట దగ్గరే కాబట్టి బల్ల దాని మీది చెక్కల మీదే వేయించాను.

"టీచర్ గారూ, ఎడం చెయ్యి వెనకపడుతోందండీ. మళ్ళీ."

"పదకొండుసార్లు వాయించేనే."

"ఎక్కం తప్పేనని నన్ను గంటసేపు నిలబెట్టేరు కదండీ. మిమ్మల్ని నేను కూర్చోబెట్టే నేర్పుతున్నాను."

"పదమూడో ఎక్కం. ఇప్పుడైనా వచ్చునా?"

"ఆయ్. పదమూడేళ్ళు తొంభై ఒకటి దాకా వచ్చండీ."

పగలు రికార్డింగు కుదరదు. ఆటోలు, పక్కింటి గ్రైండరు, ఎక్కడో ఒక మైకు. అందుకని ఒక గురువారం రాత్రి పదకొండు దాటాక మొదలుపెట్టాను. ఫ్యాను ఆపాను. కిటికీలు మూశాను. మూడు చరణాలూ వాయించాను. రెండు నిమిషాలు వచ్చింది. ఒకటో టేకు అని రాసుకుని, తిరిగి పెట్టి విన్నాను.

పాట కింద ఏదో ఉంది.

టక్... ధబ్. టక్... ధబ్.

తాళం కోసం లాప్‌టాప్‌లో మోగే క్లిక్కు అనుకున్నాను. చూస్తే అది ఆపేసే ఉంది. మైకులో బయటి చప్పుడు పడిందనుకున్నాను. మైకు వైరు పీకేశాను. రెండో టేకు. ఇప్పుడు శబ్దం సింథసైజరు నుంచి వైరు గుండా వెళ్ళాల్సిందే. గదిలో బాంబు పేలినా అందులో పడదు.

టక్... ధబ్.

నలభై ఏళ్ళు ఆ చప్పుడు వింటూ అన్నం వండాను. టక్ అంటే నూలు కండె ఉన్న నాడె ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళడం. ధబ్ అంటే పలక దగ్గరికి లాగి పోగుని బిగించడం. ఒక్క పోగుకి ఒక్క దెబ్బ.

టార్చి తీసుకుని వీధిలోకి వెళ్ళాను. ఒకప్పుడు ప్రతి ఇంటా మగ్గమే. ఇప్పుడు మా వీధిలో రెండే మిగిలాయి. రెండిళ్ళ తలుపుల దగ్గరా నిలబడి విన్నాను. ఒక ఇంట్లో గురక. ఇంకో ఇంట్లో అదీ లేదు. కుక్క ఒకటి నన్ను చూసి మొరగబోయి... ఊరుకుంది.

మూడో టేకు. నాలుగో టేకు. ఉంది. హెడ్‌ఫోన్స్ తీస్తే లేదు. పెడితే ఉంది. మధ్యమధ్య ఆగుతోంది. ఎందుకాగుతుందో నాకు తెలుసు. పోగు తెగితే ముడి వేసుకునేంతసేపు... మళ్ళీ మొదలు.

అయిదో టేకుకి హెడ్‌ఫోన్స్ పెట్టుకునే వాయించాను. రెండో చరణం మధ్యలో కావాలని చేతులు ఎత్తేశాను.

చప్పుడు ఆగింది.

నేను కదల్లేదు. అరికాళ్ళ కింద చెక్క చల్లగా ఉంది. బడి నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విడిస్తే ఆయన ఇలాగే ఆపేవారు. నేను ఏదో అంటానేమోనని. నేను ఏమీ అనకపోతే మళ్ళీ మొదలుపెట్టేవారు...

ఒక్క వేలు కీ మీద ఆనించాను.

టక్... ధబ్.

తర్వాత ఎలా వాయించానో తెలీదు. మూడో చరణం చివరికి వచ్చి ఆపేశాను. గడియారం చూశాను. ఒంటిగంటా పది.

నిద్ర రాలేదు. భయమేస్తే నేను లెక్కపెడతాను. టేకులన్నీ మళ్ళీ పెట్టి దెబ్బలు లెక్కపెట్టాను. తొంభై ఆరు. ఎనభై ఎనిమిది. నూట రెండు. తొంభై ఒకటి. ఆఖరిది ఆపి ఆపి వాయించాను కాబట్టి డెబ్బై మూడు. మొత్తం నాలుగు వందల యాభై.

అప్పుడు లేచి ట్రంకుపెట్టె తీశాను.

మీకు చెప్పని సంగతి ఒకటుంది. ఆయన పోయేనాటికి మగ్గం మీద ఒక చీర ఉంది. మాలో సగం నేత కొయ్యకూడదు. ఎవరిచేతనైనా పూర్తి చేయించి, పాట పాడించి, అప్పుడు దించాలి. మా తోటికోడలు బతిమాలింది.

"అక్కా, వద్దే. రెండ్రోజులు ఆగు. మా వాళ్ళెవరినైనా పిలుస్తాను."

"మగ్గం కొన్నవాళ్ళకి ఇవాళ రమ్మని మాటిచ్చేను. మాట మాటే."

కత్తెరతో నేనే కోశాను. అలాగే మడిచి పెట్టాను. ఆ రాత్రి తీసి కొలిచాను. జానెడు తక్కువ. అంటే తొమ్మిది అంగుళాలు. ఆయన నేతలో అంగుళానికి అరవై పోగులు. తొమ్మిది అరవైలు అయిదు వందల నలభై.

అందులో నాలుగు వందల యాభై పోతే... తొంభై.

మర్నాడు సునీత వచ్చి హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. చాలాసేపు విన్నది.

"ఏదో ఉందండీ. పాత సింథసైజరు కదా, ఇదివరకు వాడినవాళ్ళు వేసుకున్న తాళం ఏదైనా లోపల ఉండిపోయిందేమో. తీసెయ్యమంటారా? ఒక్క నొక్కు."

"వద్దు."

"పోనీ, ఇంకో టేకు తీసుకుందామా?"

"వద్దమ్మా. ఇవాళ వద్దు."

ఆమె అన్నదే నిజం కావచ్చు. నేను వాయిస్తేనే మోగి, ఆపితే ఆగే తాళం ఉంటుందా అని అడగలేదు. ఉంటుందంటే ఆ జవాబూ మొయ్యలేను. లేదంటే అసలు మొయ్యలేను.

నోటుబుక్కులో ఆరు అని అంకె వేసి పక్కన ఖాళీ ఉంచాను. తొంభై దెబ్బలంటే రెండు నిమిషాలు కూడా పట్టదు. చీర పూర్తయితే నాలుగో చరణం వినిపించాలి. దానికోసమే కదా ఇదంతా మొదలుపెట్టాను. కానీ చీర దించాక... ఆ మగ్గం దగ్గర ఇంక ఎవరికీ పని ఉండదు.

నిన్న రాత్రి కూడా స్విచ్చి వేశాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను. ఎర్ర లైటు వెలిగింది. కీల మీద చేతులు పెట్టి కూర్చున్నాను.

హెడ్‌ఫోన్స్‌లో ఏ చప్పుడూ లేదు. ఎవరో ఆగి, నేను ఏదో అంటానేమోనని చూస్తున్నట్టు.

స్విచ్చి తీసేశాను. పదకొండూ నలభై. అది కూడా రాసుకున్నాను.