లేపకూడని పిల్ల

మా ఇంట్లో పగటి నిద్ర నేరం. జమ్మలమడుగులో మగ్గమున్న ఇల్లు మాది. నాన్న నేసేవాడు. అమ్మ వంటా నీళ్ళూ ముగించుకుని నూలుకు గంజి పెట్టేది. నేను రాట్నం దగ్గర కూర్చుని కండెలు చుట్టేదాన్ని. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్త రోజులవి, నాకు తొమ్మిదేళ్ళు. నా కండె ఆలస్యమైతే నాన్న నేత ఆగిపోయేది. అందుకే నేను కునికితే అమ్మ చెంబులో వేళ్ళు ముంచి నా కళ్ళ మీద నీళ్ళు చల్లేది. ఆ నీళ్ళ మీద నాకిప్పటికీ కోపమే.

ఆ వేసవిలో ఒక పిల్లి మా పాత నూలుగంపలో నాలుగు పిల్లల్ని పెట్టింది. కళ్ళు తెరిచి తడబడుతూ నడిచే వయసు వచ్చినా వాటికి రోజంతా నిద్రే. పాలు తాగడం, కాసేపు ఒకదాని మీద ఒకటి పడి దొర్లడం, దొర్లుతూనే ఎక్కడివక్కడ పడిపోవడం. చూస్తుంటే నాకు కడుపు మండేది. అందులో అన్నిటికంటే చిన్నది, బూడిదరంగుది, మరీ ఎక్కువ పడుకునేది. దాని మీదే నా పెత్తనమంతా. అది కన్ను మూస్తే చాలు, వేళ్ళు తడిపి మొహాన చల్లేదాన్ని. లాగి నిలబెట్టేదాన్ని. నాకు లేని నిద్ర దానికెందుకు?

నాలుగో రోజుకు అది తల్లి దగ్గరికి కూడా పాకలేదు. నీళ్ళు చల్లినా కదల్లేదు. చచ్చిపోతుందని భయమేసి ఏడ్చాను. ఆ ఏడుపు విని పక్కింటామె వచ్చింది. వాళ్ళాయన పరుపులు కుట్టేవాడు. మేము ఆమెను అత్తా అని పిలిచేవాళ్ళం.

"ఏం జేసినావు పాపా?"

"ఊరికే పండుకుంటాంటే లేపుతాండా అత్తా."

ఆమె నన్ను తిట్టలేదు. గంపలో మిగిలిన మూడింటినీ చూపించింది. "సూడు, నిద్రలో వాటి కాళ్ళు ఎట్లా అదురుతాండాయో, మీసాలు ఎట్లా కదులుతాండాయో. అది మంచి నిద్ర. పసివి ఆ నిద్రలోనే పెరుగుతాయి. ఇది ఉలుకూ పలుకూ లేకుండా పడుండాది. ఇది అలుపు. దాన్ని నువ్వు పండుకోనీల్యా."

అమ్మ గంజి చేతులతో గుమ్మంలో నిలబడి వింటోంది.

అత్త పిల్లను తుడిచి, ఇంటి నుంచి తెచ్చిన దూదిలో చుట్టి, తల్లి పొట్టకు ఆనించింది. ఎంతసేపు పడుకున్నా లేపొద్దని చెప్పి వెళ్ళింది.

మర్నాడు మధ్యాహ్నం రాట్నం తిప్పుతూనే కునికాను. నీళ్ళు పడతాయని ఒళ్ళు బిగబట్టుకున్నాను. పడలేదు.

మెలకువ వచ్చేసరికి పొద్దు వాలింది. నేను చాప మీద ఉన్నాను. పక్కనే గంపలో బూడిదరంగు పిల్ల తల్లిని కరుచుకుని నిద్రపోతోంది. దాని ముందుకాలు అదురుతోంది. బతికింది. రాట్నం దగ్గర అమ్మ ఉంది, పక్కన తట్ట నిండా కండెలు. గంజి పని చేసుకుని, నా పని కూడా చేస్తోంది.

"ఇంగా కొంచేపు పండుకో," అంది, నా వైపు చూడకుండానే.

పెళ్ళయి ప్రొద్దుటూరు వచ్చి, నలుగురు పిల్లల్ని కన్నాక, నడుము పట్టేసిన మధ్యాహ్నాల్లో నాకు ఆ పూటే గుర్తొస్తుంది. అమ్మ తల పక్కకు వాలిపోతోంది, చెయ్యి మాత్రం రాట్నాన్ని తిప్పుతూనే ఉంది. అలుపంటే ఏమిటో నేను ముందురోజే నేర్చుకున్నాను. అమ్మను చూశాను కూడా. చూసి, మళ్ళీ కళ్ళు మూసుకున్నాను.