వేడి సాంబారు, పల్చటి కవరు

పుప్పాలగూడలో మా పక్క వాటా కనకమ్మ మాదాపూర్‌లో ఒక ఐటీ ఆఫీసులో బాత్రూములు కడుగుతుంది. క్యాంటీన్‌లో మిగిలిన అన్నం, సాంబారు పల్చటి ప్లాస్టిక్ కవర్లలో ఇంటికి తెస్తుంది. కూతురు రజిత వేడిగా తినాలని పొగలు కక్కుతుండగానే ముడి బిగిస్తుంది. ఆరేళ్లుగా ఆ పిల్ల రాత్రి తిండి అదే.

రజిత తొమ్మిదేళ్లకే పెద్దమనిషైంది. ఇప్పుడు పదమూడు. మూడు నెలలు నెలసరి రాదు, వస్తే పదిహేను రోజులు ఆగదు. దిష్టి తగిలిందని కనకమ్మ నిమ్మకాయలు తిప్పి పారేస్తుంటే చూడలేక నేనే దవాఖానకు తీసుకెళ్లాను. తెలంగాణ కోసం జరిగే సకల జనుల సమ్మెలో రజిత చదివే మా సర్కారు బడి మూసేశాం కదా, నాకు తీరికే.

డాక్టరమ్మ అంతా విని మాత్రలు రాసింది. "వేడి సాంబారు కవర్లో పోయకండమ్మా. దానివల్లే ఇలా అయిందని చెప్పలేను. కానీ ప్లాస్టిక్‌లోని కొన్ని రసాయనాలు ఎదిగే పిల్లల హార్మోన్లను చెడగొడతాయని అనుమానం ఉంది," అంది.

మర్నాడే కనకమ్మ మూత ఉన్న స్టీలు గిన్నె పట్టుకెళ్లింది. సాయంత్రం గేటు దగ్గర ఆపి, సాంబారు పారబోయించి, ఖాళీ గిన్నెతో పంపారు. నాకు ఒళ్లు మండింది. మరుసటి రోజు నేనే వెళ్లి గేటు కాసే నర్సింహను నిలదీశాను.

"నేనేం జెయ్యాలె మేడం? ఎవడో గిన్నెల అన్నం కింద కంప్యూటర్ మౌసు వెట్టుకొని పోయిండట. అప్పటిసంది లోపలున్నది బయటికి కనవడాలె అంటున్నరు. కవరైతేనే ఇడుస్తం."

"ఆ కవర్ల తిండితోని పిల్ల పరేషాన్ అయితుందయ్యా!"

"మా పిల్లలు గూడ గదే తింటున్రు మేడం," అన్నాడు తల దించుకుని.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే. ఈ పూజారిని తిట్టడానికీ నోరు రాలేదు. ఆ రూలు రాసినవాళ్లనే దారంతా తిట్టుకుంటూ వచ్చాను.

రెండు రోజులు కనకమ్మ ఏమీ తేలేదు. పిల్ల పచ్చిపులుసుతో సరిపెట్టుకుంది. మూడో రోజు, మర్నాటి ర్యాలీకి రమ్మందామని వెళ్లేసరికి మళ్లీ కవరు కనిపించింది. గయ్యిమన్నాను.

"డాక్టరమ్మ ఏం జెప్పింది, నువ్వేం జేస్తున్నవ్? పిల్ల మీద జర ఫికర్ లేదా?"

కనకమ్మ సాంబారు వంపుతూనే, నా వైపు చూడకుండా అంది.

"టీచరమ్మా, మీ బడి ఎప్పుడు తెరుస్తరు? ఆడనైతే పిల్ల పగటి పూటన్న కవర్ల పొయ్యని బువ్వ తింటుండె."

ర్యాలీకి రమ్మనకుండానే ఇంటికి వచ్చేశాను.