సగం అందించిన మాట

పత్రికల వాళ్ళంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మంట. ఎవరైనా పెన్నూ కాగితం పట్టుకుని గుమ్మంలోకి వస్తే మంచినీళ్ళు ఇస్తాను గానీ కుర్చీ వెయ్యను. మా కోడలు దీన్ని చాదస్తం అంటుంది. అననీ. దెబ్బ తిన్నది తను కాదు.

అరవైల చివర్లో మాట ఇది. విజయనగరంలో మూడు లాంతర్లకి దగ్గర్లో రెండు గదుల ఇంట్లో నేనూ మా అమ్మా అద్దెకుండేవాళ్ళం. నేను నాటకాల్లో ఆడవేషాలు వేసేదాన్ని. అప్పట్లో మా వైపు ఏ ఊరు చూసినా ఒక నాటక సమాజం ఉండేది. మగవాళ్ళు వాళ్ళలో వాళ్ళే నెలల తరబడి రిహార్సల్స్ చేసుకుని, ఆఖర్న ఒకటి రెండు రిహార్సల్స్‌కి మాత్రం నాలాంటి దాన్ని పిలిపించుకునేవారు. ఈ వారం ఆమదాలవలసలో ఇల్లాలిని, పై వారం గరివిడిలో గయ్యాళి అత్తని, ఆ పై వారం ఇంకెక్కడో రాణిని. అందరి మాటలూ కంఠతా పట్టడం ఎవరి తరం? ప్రాంప్టరే మాకు దిక్కు. జనానికి కనపడకుండా తెర పక్కన నిలబడి, పుస్తకం చూస్తూ మెల్లగా మాట అందిస్తాడు. మేము అందుకుంటాం.

ఆమదాలవలస సమాజంలో ప్రాంప్టరు నాకంటే మూడు నాలుగేళ్ళు చిన్న. నన్ను ‘అప్పా’ అని పిలిచేవాడు. మా వైపు అక్కని అలాగే అంటాం. చాలా మంచి ప్రాంప్టరు. కొందరు గట్టిగా అరిచి పరువు తీస్తారు, కొందరు మనం చిక్కుపడ్డాక నిద్ర లేస్తారు. ఇతను సగం వాక్యం అందించేవాడు, అంతే. మిగతా సగం నా నోట్లోంచి దానంతటదే వచ్చేసేది. ఏడేళ్ళు అతని గొంతు వెంట నా గొంతు నడిచింది. ఏం అంటున్నానో ఆలోచించాల్సిన పని కూడా లేకపోయింది.

ఆ సమాజాన్ని నడిపించేది అక్కడి హైస్కూల్లో తెలుగు చెప్పే మాస్టారు. నాటకాలు రాసేదీ ఆయనే, ఆడించేదీ ఆయనే. ఏ నాటకమైనా మూడో రంగంలో ఒక పొడుగాటి ఉపన్యాసం ఉండాల్సిందే. మిగతా ఊళ్ళలో నాటకం అయిపోగానే నన్ను ‘ఏయ్’ అనేవారు. భోజనం విస్తరి విడిగా, వాకిట్లో వేసేవారు. మాస్టారి ఊళ్ళో అందరితో పాటు బంతిలో కూర్చోబెట్టారు. ఎవరో గొణిగితే, "ఆ అమ్మాయి లెగాలంటే ముందు నాను లెగాల" అన్నారట. అది నాకు తరవాత తెలిసింది. నాన్న ముఖం ఎరగని దాన్ని. ఈ లోకంలో నేను పోగొట్టుకోకూడని మనిషి ఎవరని అడిగితే మాస్టారి పేరే చెప్పేదాన్ని.

ఆ ఏడాది నాకు మద్రాసులో ఒక సినిమాలో వేషం దొరికింది. హీరోయిన్ అక్క. నాలుగు సీన్లు, ఒక ఏడుపు. ఆ నాలుగు సీన్లకే ఊరంతా నన్ను కొత్తగా చూడడం మొదలుపెట్టింది. మాస్టారు మాత్రం ఉత్తరం రాశారు. నాటక పరిషత్తు పోటీలకి కొత్త నాటకం రాస్తున్నాననీ, అందులో ముఖ్య పాత్ర నన్ను మనసులో పెట్టుకునే రాస్తున్నాననీ, సినిమా వాళ్ళు ఎన్ని రోజులు పిలిచినా పోటీలు జరిగే మూడు రోజులూ తనకి ఇమ్మనీ. ఆ ఉత్తరాన్ని పెట్టెలో పట్టుచీర మడతల్లో దాచుకున్నాను.

సరిగ్గా అప్పుడే వచ్చాడు మా ప్రాంప్టరు. సమాజం వదిలేసి ఏడాది అయింది, ఒక సినిమా వారపత్రికకి విలేకరిగా చేరాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను.

"అప్పా, నీ గురించి నాను కాకపోతే ఇంకెవుడు రాస్తాడు?" అన్నాడు.

నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. మన పిల్లాడు పైకొచ్చాడని మా అమ్మ చేగోడీలు వేయించింది. ఎదురుగా కుర్చీ వేస్తే అందులో కూర్చోలేదు. ముక్కాలిపీట లాక్కుని నా ఎడం పక్కన, కొంచెం వెనక్కి కూర్చున్నాడు. స్టేజీ మీద అతను ఎప్పుడూ ఉండే చోటు అదే. నాకు ఎంతో హాయిగా అనిపించింది. ఎంత వెర్రిదాన్నో!

మొదట ఎక్కడ పుట్టావు, ఏం చదివావు అని అడిగి రాసుకున్నాడు. తరవాత పెన్ను మూసి జేబులో పెట్టాడు. సరే, పని అయిపోయింది, ఇక కబుర్లు అనుకున్నాను. చేగోడీ నములుతూ, మెల్లగా, అదే పాత గొంతుతో అన్నాడు.

"మాస్టారంటే గౌరవమే, గానీ ఆ మూడో రంగం..."

"ఆ మూడో రంగం ఉపన్యాసం ఎవుడింటాడ్రా! జనం బీడీలకి లెగిసిపోతారు" అన్నాను నేను. అతను నవ్వాడు. నేనూ నవ్వాను.

"ఆయన నాటకం నిలబడిందంటే..."

"నావల్లే నిలబడింది."

"కొత్త నాటకం కూడా..."

"అదీ అంతే. పాత చింతకాయ పచ్చడే. ఏటి సేస్తాం, పెద్దాయన అడిగినారు, కాదనలేం గదా."

ఒట్టేసి చెబుతున్నాను, ఆ కొత్త నాటకం నేను చదవనైనా చదవలేదు. అతను అందించాడు, నేను అందుకున్నాను. ఏడేళ్ళ అలవాటు. అతను వెళ్ళేటప్పుడు మా అమ్మ మిగిలిన చేగోడీలు కాగితంలో పొట్లం కట్టి ఇచ్చింది.

రెండు వారాలకి పత్రిక వచ్చింది. మొదట బొమ్మ చూసుకుని మురిసిపోయాను. తరవాత చదివాను. ‘మాస్టారి నాటకాల్ని ఇన్నాళ్ళూ మోసింది నేనే’ అని పెద్ద అక్షరాల్లో హెడ్డింగు. కింద బీడీలు, మూడో రంగం, పాత చింతకాయ పచ్చడి, కాదనలేం గదా, అన్నీ ఉన్నాయి. అతను అన్న సగాలు లేవు. అంతా నేనే ఏకబిగిన అన్నట్టు ఉంది. చదివి వినిపించమంది మా అమ్మ. వినిపించాను.

"నోరా, ఈపుకి సేటు తేకే అన్నారు ఊరికే అన్నారేటే!" అంది. అతన్ని తిట్టలేదు, నన్నే తిట్టింది. దాంతో ఇంకా మండింది నాకు.

గంటస్తంభం దగ్గర ప్రెస్సులో అతను రోజూ మధ్యాహ్నం కూర్చుంటాడని తెలిసి వెళ్ళాను. కంపోజింగు చేసేవాళ్ళు తలలెత్తి చూస్తున్నా లెక్కపెట్టలేదు. పత్రిక అతని ముఖాన కొట్టాను.

"ఒరే, నాను ఇలాగన్నానా?"

పత్రిక తీసి, మడత సరిచేసి బల్ల మీద పెట్టాడు. "అనలేదేటప్పా? గుండె మీద సెయ్యేసుకుని సెప్పు."

"నువ్వందించినావు!"

"నాను సగమే అందించినాను. మిగతా సగం ఎవులిది? ఆ మూడో రంగం గురించి మేకప్ గదిలో నువ్వు ఎన్నిసార్లు ఇసుక్కోలేదు? తెర పక్కన నిలబడ్డోడికి అన్నీ ఇనిపిస్తాయప్పా."

"పెన్ను మూసేసినావు గదరా!"

"పెన్ను మూసినాను. సెవులు మూసుకోలేదు."

తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాణ్ణి చూశాను గానీ, పెట్టిన చేగోడీ నములుతూనే లెక్కపెట్టేవాణ్ణి అతన్నే చూశాను. ఇంకా ఏవేవో అన్నాను, అవన్నీ ఇక్కడ రాయలేను. అన్నీ నిదానంగా విని, చివరికి ఒక్క మాట అన్నాడు.

"ఏడేళ్ళు మీ అందరికీ మాటందించినాను. ఒక్క కరపత్రంలో నా పేరేసినారా? ఇందులో ఏసినారు, సూడు." వేలు పెట్టి చూపించాడు. నిజమే, నా బొమ్మ కింద అతని పేరుంది.

పత్రిక అక్కడే వదిలేసి బయటికి వచ్చేశాను. అతను అన్నది నిజమైనందుకు దారంతా అతని మీద కోపం ఇంకా ఎక్కువైంది.

మర్నాడు పొద్దున్న పాసింజరు ఎక్కి ఆమదాలవలస వెళ్ళాను. పొందూరు దాటేదాకా ఏం చెప్పాలో మనసులో వల్లించుకుంటూనే ఉన్నాను. అతను నాతో అనిపించాడు మాస్టారూ, అవి నా మాటలు కావు మాస్టారూ. ఎన్నిసార్లు వల్లించినా కొసకి వచ్చేసరికి తడబడుతున్నాను. స్టేషనులో రిక్షావాడు నన్ను గుర్తుపట్టి, నా బొమ్మ పేపర్లో చూశానన్నాడు. ఊళ్ళోకి పత్రిక నాకంటే ముందే వచ్చిందన్నమాట.

మాస్టారు వీధి అరుగు మీద బళ్ళోని పిల్లల వ్యాసాలు దిద్దుతున్నారు. నన్ను చూసి జరిగి చోటిచ్చారు.

"తిన్నావా అమ్మా?" అన్నారు. ఎప్పుడూ అడిగేదే.

నేను ఏడుస్తూ అంతా చెప్పాను. పీట, పెన్ను, సగం మాటలు, అన్నీ. ఆయన మధ్యలో అడ్డుపడలేదు. ఎర్ర సిరా పెన్నుకి మూత పెట్టి విన్నారు. నాటకాల్లో అంత భారీ తెలుగు రాసే మనిషి, ఇంట్లో మా అందరిలాగే మాట్లాడేవారు.

"ఆడి సంగతి ఒగ్గేయ్. ఆడు అబద్ధం రాసుంటే నాను నవ్వేసి ఊరుకుందును" అన్నారు. "మూడో రంగంలో జనం లెగిసిపోడం నాకు తెల్దేటమ్మా? తెర కంతలోంచి ప్రతిసారీ సూస్తన్నాను. ఎవుర్నడిగినా బాగుంది మాస్టారూ అంటారు. నువ్వూ అన్నావు."

అన్నాను. అడిగిన ప్రతిసారీ అదే అన్నాను. ఆయన మనసు నొప్పించకూడదని అన్నాను.

"నాకు కావలసిన మాట నీ దగ్గర ఏడేళ్ళు ఉన్నాది. ఆడొచ్చి పీటేసుకుని కూర్సుంటే ఆడికి ఇచ్చినావు. నాను నీ పక్కనే భోజనానికి కూర్సున్నాను గదమ్మా, నాకు సెప్పుంటే దిద్దుకుందును."

కోప్పడి ఉంటే కాళ్ళు పట్టుకునేదాన్ని. ఆయన కోప్పడలేదు. కొత్త నాటకం ఏమైందని అడిగే ధైర్యం నాకు లేదు. ఆయనే చెప్పారు, మూడో రంగం దాకా రాసి ఆపేశానని. పరిషత్తుకి ఆ ఏడు ఆమదాలవలస సమాజం వెళ్ళలేదు. తరవాత కూడా వెళ్ళలేదు.

నన్ను మోసం చేసిందెవరని అడిగితే ఇప్పటికీ ఆ ప్రాంప్టరు పేరే చెబుతాను. తనని మోసం చేసిందెవరని మాస్టారిని అడిగి ఉంటే ఎవరి పేరు చెప్పేవారో నాకు తెలుసు. ఆయన చెప్పలేదు. రైలుకి వేళైందని, ఎండలో నాతో పాటు వీధి చివరి దాకా నడిచి వచ్చి రిక్షా ఎక్కించారు.