సాంబయ్య గిరాకీని నేను పిలిచిన రోజు

కరోనా తగ్గి బజార్లు మళ్లీ తెరిచిన ఏడాది. ఖిలా వరంగల్ పోయే తోవలో మాది జంపఖానాల దుకాణం, పక్కది సాంబయ్యది. నేను నలభై ఏళ్లుగా అక్కడే ఉన్నవాణ్ణి. నిన్నగాక మొన్న వచ్చిన ఆయన మెట్ల దగ్గర గిరాకీల చెప్పులు ఎక్కువ కనిపిస్తే నాకు అన్నం సయించేది కాదు.

ఒక పొద్దున సాంబయ్య ఫోన్ పట్టుకుని నా దగ్గరకు వచ్చాడు. ఎవరో మిలిటరీ ఆఫీసరట, క్యాంపుకు రెండు వందల జంపఖానాలు కావాలట, బేరం కూడా ఆడలేదట. క్యూఆర్ కోడ్, అంటే ఫోన్‌తో స్కాన్ చేసే నల్లగళ్ల బొమ్మ, పంపాడట. స్కాన్ చేసి పిన్ కొడితే డబ్బు మన ఖాతాలో పడుతుందన్నాడట.

"అన్నా, జర సూడు. పైసలు ఇచ్చేటోడు మనల్ని పిన్ కొట్టుమంటాండు. నిజమేనంటవా?"

కళ్లద్దాలు సవరించుకుని ఒక్క చూపు చూశాను. "దొంగోడు తమ్మీ. నంబర్ తీసెయ్, గిట్లాంటోళ్లు మస్తుగున్నరు" అన్నాను.

వారం తిరక్కుండా పరకాలలో ఒక వ్యాపారి అలాగే మోసపోయాడని తెలిసింది. సాంబయ్య మిఠాయి డబ్బాతో వచ్చి, "నీ కన్ను కన్నే అన్నా" అన్నాడు. అప్పట్నుంచి అనుమానం వచ్చిన మెసేజీలన్నీ బజారువాళ్లు నాకే చూపించేవారు. అలా వంద మందిని కాపాడాను.

వంద కాదు, ఆరుగురిని. అందులో మొదటివాణ్ణి తెలిసి కాపాడలేదు. ఆ రోజు నాకు దొంగ కనబడలేదు, రెండు వందల జంపఖానాలు కనబడ్డాయి. అవి సాంబయ్య దుకాణం నుంచి పోకూడదు, అంతే. పక్క దుకాణం మెట్టెక్కిన గిరాకీని పిలవకూడదన్నది మా బజారు కట్టుబాటు. నేను ఆ నంబర్ నోటికి పట్టి, ఆయన అటు తిరగగానే ఫోన్ చేసి మరీ పిలిచాను.

ఆ ఆఫీసరు ముందు ఐదు రూపాయలకు స్కాన్ చేయించాడు, పది తిరిగి వచ్చాయి. రెండోసారి పిన్ కొట్టగానే నూలు కోసం దాచిన సొమ్మంతా పోయింది. వెంటనే బ్యాంకుకో సైబర్ పోలీసులకో చెబితే కొంతైనా ఆగేదేమో. సాంబయ్యకు తెలుస్తుందని చెప్పలేదు. ఆయన తెచ్చిన మిఠాయి మాత్రం తిన్నాను.

మొన్న మనసు ఆగక ఆయనకే చెప్పేశాను. సాంబయ్య జంపఖానా అంచు దారాలు కత్తిరిస్తూనే విన్నాడు.

"నాకు తగిలే దెబ్బ నువ్వు అడిగి తిన్నవన్నట్టు" అన్నాడు. "నా గిరాకీ నీకు మంచిగ అచ్చొచ్చిందే అన్నా."

డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పోవడానికే కావాలి. మోసపోతే సిగ్గుపడి కూర్చోవద్దు, ఆ గంటలోనే చెప్పాలి. ఈ రెండు ముక్కలూ ఇప్పుడు సాంబయ్యే, నా కథతో సహా, బజారంతా చెబుతున్నాడు. మెసేజీలు కూడా ఆయనకే చూపిస్తున్నారు. ఆ మెట్ల దగ్గర చెప్పులు ఇంకా పెరిగాయి. అది చూడలేకే, అచ్చులోనైనా ముందు నేనే చెబుదామని ఇది రాశాను.